సంక్రాంతికి అండమాన్ వెళ్తున్నాం, స్కూబాకి ఎవర్ని నమ్మాలి?

సీతమ్మధార సంసారి (నవంబర్ 18, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవుల్లో అండమాన్ వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి, మా మావయ్యగారు. టికెట్లు, హోటళ్ళు అన్నీ అయిపోయాయి. మిగిలింది స్కూబా (వీపున గాలి ట్యాంకు కట్టుకుని నీళ్ళ కింద ఈదడం) ఒక్కటే, దాని దగ్గరే ఇంట్లో రభస.

హేవ్‌లాక్‌లో (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు) మూడు చోట్లకి ఫోన్ చేశాను. మొదటివాళ్ళు మనిషికి మూడున్నర వేలు చెప్పారు. ఫొటోలు, వీడియో ఉచితం. "ఈత రాకపోయినా ఫర్వాలేదు సార్, వయసుతో పని లేదు, వచ్చేయండి" అన్నారు. రెండోవాళ్ళు నాలుగున్నర వేలు. మూడోవాళ్ళు ఆరు వేల పైమాటే చెప్పి, పైగా ఒక ఫారం పంపారు. గుండె, చెవులు, ఉబ్బసం, ఫిట్స్ అంటూ అన్నీ ప్రశ్నలే. మావయ్యగారికి నాలుగేళ్ళ కిందట స్టెంట్ వేశారు. ఆ సంగతి రాసి పంపితే, డాక్టరు సంతకం లేకుండా నీళ్ళలోకి దించమని చెప్పేశారు.

మావయ్యగారికి కోపం వచ్చింది. "నేను భీమిలిలో పుట్టినవాణ్ణి, షిప్‌యార్డ్‌లో రిటైరైనవాణ్ణి, నాకు సముద్రం కొత్తా?" అంటున్నారు. ఆయన ఓటు మొదటివాళ్ళకే. మా ఆవిడకి ఈత రాదు, నీళ్ళంటే భయం. అమ్మాయికి దేనికీ భయం లేదు, నా టెన్షన్ అంతా అదే.

12న పోర్ట్ బ్లెయిర్, 13న హేవ్‌లాక్. 14, 15 బీచ్‌లు తిరగడం. 16 పొద్దున్న ఏడింటికి స్కూబా, పదిన్నర ఫెర్రీకి వెనక్కి, మధ్యాహ్నం మూడింటికి ఫ్లైట్. ఎవరి దగ్గర బుక్ చేయమంటారు?

గాజువాక గాలిపటం (నవంబర్ 18, రాత్రి 9:58)

మూడున్నర వేలవాళ్ళనే తీసుకోండి గురూ. సముద్రం అదే, చేపలూ అవే. ఆరు వేలిస్తే చేప నవ్వుతుందా? మేం గతేడాది ఆరుగురం వెళ్ళాం, ఏజెంట్ ప్యాకేజీలోనే స్కూబా కలిపి ఇచ్చాడు. సూపర్‌గా అయింది.

ముంతమసాలా (నవంబర్ 18, రాత్రి 10:05)

నీళ్ళ కింద ఎంతసేపు ఉన్నావు బ్రో?

గాజువాక గాలిపటం (నవంబర్ 18, రాత్రి 10:11)

వాళ్ళు ఇచ్చిన వీడియో ఇప్పుడే తీసి చూశా. పదకొండు నిమిషాలు. మిగతా రెండున్నర గంటలూ లైనులో ఉన్నాం. అయినా బాగుంది.

పాత నావికుడు (నవంబర్ 19, ఉదయం 5:30)

ఆపరేటర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ 16వ తేదీ మార్చండి.

నీళ్ళ కింద ఒత్తిడి మీద గాలి పీలుస్తాం. అందులోని నైట్రోజన్ రక్తంలో, కండల్లో కరుగుతుంది. పైకొచ్చాక అది ఊపిరితో పాటు మెల్లగా బయటికి పోవాలి. అది పోకముందే విమానం ఎక్కితే, క్యాబిన్‌లో ఒత్తిడి నేల మీది కంటే తక్కువ కాబట్టి, మిగిలింది ఒంట్లోనే బుడగలు కట్టవచ్చు. గోళీసోడా గోళీ నొక్కగానే ఏమవుతుందో చూసే ఉంటారు. అదే పని కీళ్ళలోనో వెన్నులోనో జరిగిందనుకోండి.

డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అని, డైవర్ల ఆరోగ్యం మీద పనిచేసే సంస్థ ఉంది. వాళ్ళ లెక్కలో ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేసినా, వరసగా కొన్ని రోజులు చేసినా కనీసం 18 గంటలు ఆగాకే విమానం. నా మాటగా అయితే పూర్తిగా ఒక రోజు ఆగండి. ఏడింటికి నీళ్ళలో దిగి మూడింటికి ఆకాశంలో ఉంటానంటే కుదరదు.

ఇంతకీ, మీరు మాట్లాడిన ముగ్గురిలో మీ ఫ్లైట్ ఎప్పుడని అడిగినవాళ్ళెవరు?

సీతమ్మధార సంసారి (నవంబర్ 19, ఉదయం 8:15)

మూడోవాళ్ళు అడిగారు. హోటల్ పికప్ కోసం అనుకున్నాను నేను!

స్కూబాని 14కి మారుస్తున్నా. థాంక్యూ సర్.

హార్బర్ పిల్లి (నవంబర్ 19, ఉదయం 9:02)

అంతదూరం వెళ్ళి అక్కడ మొదటిసారి దిగడం దేనికండీ? మన రుషికొండలో ఒకసారి దిగి చూడండి. భయం ఉందో లేదో ఇక్కడే తేలిపోతుంది, ఫ్లైట్ చార్జీ లేకుండా.

ముంతమసాలా (నవంబర్ 19, ఉదయం 9:20)

రుషికొండలో నేను దిగాను. చెయ్యి చాపితే వేళ్ళు కనబడలేదు. ఒక చేప వచ్చింది, అదే నన్ను గుద్దుకుంది.

హార్బర్ పిల్లి (నవంబర్ 19, ఉదయం 9:31)

నువ్వు ఏ నెలలో దిగావు? వానాకాలంలో దిగి సముద్రాన్ని తిడితే ఎలా? తేటగా ఉండే రోజులు మనకీ ఉంటాయి. మంగమారిపేట వైపు రాళ్ళ దగ్గర చూడు, చింతపల్లి దగ్గర మునిగిన ఓడ దగ్గర చూడు.

పాత నావికుడు (నవంబర్ 19, ఉదయం 11:10)

ఇద్దరిదీ నిజమే. మన తీరంలో నీళ్ళు అండమాన్ అంత తేటగా ఉండవు. కానీ ఆ మసకలో కంగారుపడని మనిషి అక్కడ అసలు కంగారుపడడు. సంసారిగారి శ్రీమతికి మాత్రం సముద్రం కంటే ముందు ఈత కొలను మంచిది. నడుము లోతులో మాస్క్ పెట్టుకుని, ముఖం నీళ్ళలో ఉంచి నోటితో ఊపిరి తీసుకోవడం నాలుగు రోజులు సాధన చేస్తే చాలు. మొదటిసారి దిగేవాళ్ళలో ఎక్కువమందికి ఇబ్బంది లోతుతో రాదు, ముక్కు మూసుకుపోయిందన్న గాభరాతో వస్తుంది.

ఇక అసలు ప్రశ్న. మనం దుకాణాన్ని ఎంచుకుంటున్నాం అనుకుంటాం. ఎంచుకోవాల్సింది నీళ్ళలో మన పక్కన ఉండే మనిషిని. ఫోన్ చేసి, "14న మా ఆవిడతో నీళ్ళలో ఉండేది ఎవరు, వారి ఇన్‌స్ట్రక్టర్ నంబరెంత?" అని అడగండి. ప్యాడీ (వరి కాదు, డైవింగ్ నేర్పే సంస్థ పేరు), ఎస్ఎస్ఐ లాంటి సంస్థలు ఇన్‌స్ట్రక్టర్లకి నంబరు ఇస్తాయి. ప్యాడీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొట్టి, ఆ మనిషికి నేర్పే అర్హత ఇప్పటికీ ఉందో లేదో చూడొచ్చు. డైవ్‌మాస్టర్ (సర్టిఫికెట్ ఉన్నవాళ్ళని నీళ్ళలో వెంట తిప్పేవాడు) వేరు, ఇన్‌స్ట్రక్టర్ (నేర్పేవాడు) వేరు. పదేళ్ళుగా సముద్రంలో ఉన్న కుర్రాడు బ్రహ్మాండంగా ఈదవచ్చు, కానీ కంగారుపడిన మనిషిని పట్టుకుని పైకి తేవడం వేరే విద్య.

తర్వాత, ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది అని అడగండి. సర్టిఫికెట్ లేనివాళ్ళని రుచి చూపించడానికి తీసుకెళ్ళే డైవ్‌లో ప్యాడీ నియమం ఒకరికి నలుగురి దాకా ఒప్పుకుంటుంది. నియమం ఒప్పుకుంది కదా అని నేను మాత్రం ఒప్పుకోను. ఈత రాని మనిషికి ఒకరికి ఒకరే ఉండాలి. అండమాన్‌లో అలా చేసేవాళ్ళు ఉన్నారు. లోతు 12 మీటర్లకి మించకూడదు, పిల్లలకి పదేళ్ళు నిండాలి, మీ అమ్మాయికి ఆ ఇబ్బంది లేదు.

పడవలో ఆక్సిజన్ ఉందా అని కూడా అడగండి. ట్యాంకులో ఉండేది మామూలు గాలే, నేనడిగేది ప్రమాదం జరిగితే ముఖానికి పెట్టే ఆక్సిజన్ సిలిండర్. "ఆక్సిజన్ ట్యాంక్‌తోనే కదా సార్ డైవ్ చేసేది" అని జవాబిచ్చారంటే ఫోన్ పెట్టేయండి. బుడగల జబ్బుకి వైద్యం చేసే చాంబర్ (ఒత్తిడి పెంచే గది) హేవ్‌లాక్‌లో లేదు, పోర్ట్ బ్లెయిర్‌లో నేవీ దగ్గర ఉంది. అక్కడికి చేరేదాకా కాపాడేది ఆ సిలిండరే.

గాజువాక గాలిపటం (నవంబర్ 19, మధ్యాహ్నం 12:40)

ఇంత భయపెడితే ఎవరూ వెళ్ళరు బాబాయ్. రోజూ వందలమంది దిగుతున్నారు అక్కడ, అందరూ ఇన్‌స్ట్రక్టర్ నంబర్లు అడుగుతున్నారా? డబ్బున్నవాళ్ళ జాగ్రత్తలివి. ఎక్కువ రేటు చెప్పగానే మంచివాళ్ళు అనేస్తాం.

లాసన్స్‌బే అమ్మాయి (నవంబర్ 19, మధ్యాహ్నం 2:25)

రేటు గురించి గాలిపటంగారు అన్నదాంట్లో నిజముంది. నాకు జరిగింది చాలా ఖరీదైన చోట.

రెండేళ్ళ కిందటి మాట. ఏ ఊరో, ఏ దుకాణమో రాయను. ఏసీ ఆఫీసు, అందరికీ ఒకే రంగు టీషర్టులు, వెళ్ళగానే కొబ్బరిబోండాం. ముందురోజు నాకు కొంచెం జలుబు. చెప్పాను కూడా. "మాత్ర వేసుకోండి మేడమ్, తగ్గిపోతుంది" అన్నారు. వేసుకున్నాను. ఒడ్డు మీద పాఠం నాలుగు నిమిషాలు, అదీ హిందీలో, ఎనిమిదిమందికి కలిపి. చేతి సైగలు ఓకే ఒక్కటే చెప్పారు. చెవి నొప్పికి సైగ ఉంటుందని నాకు తెలియదు.

దిగడం మొదలైన కాసేపటికే ఎడమ చెవిలో సూది గుచ్చినట్టయింది. చెవి చూపించాను. చెయ్యి ఊపాను. గట్టిగా ఊపాను. అతను వెనక నుంచి నా ట్యాంకు పట్టుకుని కిందికి తీసుకెళ్తూనే ఉన్నాడు. ముందున్న కెమెరా కుర్రాడు బొటనవేలు, చూపుడువేలు కలిపి ఓకే అన్నాడు, నేను వీడియో కోసం చెయ్యి ఊపుతున్నానని. ఆ వీడియో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. చూసినవాళ్ళందరూ "ఎంత ఎంజాయ్ చేస్తున్నావో" అంటారు.

పైకొచ్చాక మాస్క్‌లో రక్తం. వైజాగ్ వచ్చాక ఈఎన్‌టీ డాక్టరు కర్ణభేరికి చిల్లు పడిందన్నారు. రెండు నెలలు దూది పెట్టుకుని తలస్నానం చేశాను. వాళ్ళకి ఫోన్ చేస్తే, "ఫారం మీద మీ సంతకం ఉంది మేడమ్" అన్నారు. నిజమే, ఉంది. చదవకుండా పెట్టాను.

సీతమ్మధార సంసారి (నవంబర్ 19, మధ్యాహ్నం 2:50)

అయ్యో. ఇప్పుడు ఎలా ఉందండీ?

లాసన్స్‌బే అమ్మాయి (నవంబర్ 19, మధ్యాహ్నం 2:58)

మానిపోయింది. మా డాక్టరు సరేనంటే మళ్ళీ దిగాలని ఉంది కూడా. ఈసారి జలుబు ఉందంటే వద్దు పొమ్మనేవాళ్ళ దగ్గర.

ఈఎన్‌టీ వదిన (నవంబర్ 19, సాయంత్రం 7:30)

డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. లాసన్స్‌బే చెప్పినలాంటి కేసులు సెలవుల తర్వాత మా ఓపీకి వస్తూనే ఉంటాయి.

పది మీటర్ల లోతుకి వెళ్ళేసరికి ఒత్తిడి ఒడ్డు మీదున్న దానికి రెట్టింపవుతుంది. కర్ణభేరి వెనక ఉన్న గాలి సగానికి నలుగుతుంది. మొదటి నాలుగైదు మీటర్లలోనే చెవి మీద ఎక్కువ భారం పడుతుంది, అందుకే "తక్కువ లోతే కదా" అనుకోవద్దు. ముక్కు మూసుకుని మెల్లగా ఊదుతూ దిగాలి, నొప్పి రాకముందే, మీటరుకి ఒకసారైనా. నొప్పి వచ్చాక గట్టిగా ఊదితే లోపలి చెవికీ దెబ్బ. సర్దుకోకపోతే కాస్త పైకి రావాలి, మళ్ళీ ప్రయత్నించాలి, అప్పటికీ కుదరకపోతే ఆ రోజుకి ఆపేయాలి. జలుబు ఉన్నప్పుడు మాత్ర వేసుకుని దిగడం ఇంకా ప్రమాదం, కింద ఉండగా మందు పని అయిపోతే పైకి వచ్చేటప్పుడు గాలి బయటికి పోయే దారి మూసుకుపోతుంది.

సంసారిగారూ, మీ మావయ్యగారి విషయం. స్టెంట్ ఉన్నంత మాత్రాన జీవితంలో దిగకూడదని కాదు. కానీ ఆ మాట చెప్పాల్సింది ఆయన కార్డియాలజిస్ట్. ట్రెడ్‌మిల్ పరీక్ష చేసి, ఆయన శ్రమ ఎంత తట్టుకుంటారో చూసి చెబుతారు. నీళ్ళలో మునిగితే చాలు, కాళ్ళలోని రక్తం గుండె వైపు ఎక్కువ వస్తుంది, దానికి తోడు బరువు, ఎదురు ప్రవాహం, భయం. "ఫర్వాలేదు, అన్నిటికీ కాదు అని టిక్ పెట్టేయండి" అనేవాళ్ళు మీ మావయ్యగారికి మేలు చేస్తున్నట్టు కాదు.

అండమాన్ ఆఫర్స్ (నవంబర్ 19, రాత్రి 8:02)

హాయ్ ఫ్రెండ్స్ బెస్ట్ స్కూబా బెస్ట్ రేట్, సంక్రాంతి స్పెషల్ డిస్కౌంట్, ఫోర్ ప్లస్ వన్ ఫ్రీ, వాట్సాప్ చేయండి [నంబరు తొలగించబడింది]

అడ్మిన్ (నవంబర్ 19, రాత్రి 8:09)

నంబరు తీసేశాను, ఖాతా ఆపేశాను. అయిదోవాళ్ళకి ఫ్రీ ఏంటో నాకూ అర్థం కాలేదు.

ముంతమసాలా (నవంబర్ 19, రాత్రి 8:12)

నలుగుర్ని తీసుకొస్తే అయిదోవాడి చెవి ఫ్రీ.

పలాస టు పోర్ట్ బ్లెయిర్ (నవంబర్ 20, ఉదయం 6:45)

ఏటండీ, మా ఊరి గురించి ఇంత చర్చ జరుగుతుంటే నాకెవరూ చెప్పలేదు. ఇక్కడ పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీవిజయపురం) మన ఉత్తరాంధ్ర కుటుంబాలు చాలానే ఉన్నాయి. మా నాన్న ఓడెక్కి వచ్చారు, నేను ఇక్కడే చదువుకున్నాను. డైవింగ్ నా వృత్తి కాదు గానీ, రోజూ ఫెర్రీ జెట్టీ దగ్గర చూస్తుంటాను.

పోర్ట్ బ్లెయిర్ ఎదురుగా నార్త్ బే ఉంది, హేవ్‌లాక్‌లో ఎలిఫెంట్ బీచ్ ఉంది. ఈ రెండు చోట్లా ప్యాకేజీ జనం ఎక్కువ, సీ వాక్ (తలకి హెల్మెట్ పెట్టుకుని సముద్రం అడుగున నడవడం), జెట్ స్కీ, స్కూబా అన్నీ ఒకేచోట. గాలిపటంగారి పదకొండు నిమిషాలు ఇలాంటి చోటే అయ్యుంటుంది. హేవ్‌లాక్‌లోనే కొత్తవాళ్ళని నీమో రీఫ్ దగ్గర ఒడ్డు నుంచే నడిపించి దింపుతారు. మెల్లగా లోతు పెరుగుతుంది, భయమేస్తే నిలబడొచ్చు. అమ్మగారికి అదే మంచిది. పడవ డైవ్ ఫొటోల్లో గొప్పగా ఉంటుంది గానీ, ఊగే పడవ మీద బరువు కట్టుకుని నీళ్ళలో పడడం మొదటిసారి అందరికీ సరిపడదు. డిక్సన్స్ పినకిల్, జానీస్ గోర్జ్ అని పేర్లు చెప్పి ఆశపెడితే నమ్మొద్దు, అవి సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు వెళ్ళే లోతైన చోట్లు.

ఇంకో మాట. ఫోన్‌లో మాట్లాడింది ఎవరో చూసుకోండి. చాలా నంబర్లు డైవ్ దుకాణాలవి కావు, కమిషన్ ఏజెంట్లవి. ఆ మనిషి ఎప్పుడూ నీళ్ళలో దిగి ఉండడు. మీరేం అడిగినా ఎస్ సార్ అంటాడు.

జనవరిలో సముద్రం మామూలుగా బాగానే ఉంటుంది. కానీ గాలి లేస్తే ఫెర్రీలు ఆగిపోతాయి. కాబట్టి 15న కూడా ఖాళీ ఉంచుకోండి. పాప గవ్వలూ పగడం ముక్కలూ ఏరి బ్యాగులో వేయకుండా చూడండి, పగడాలు తీసుకెళ్ళడం నేరం, ఎయిర్‌పోర్టులో పట్టేస్తారు.

సీతమ్మధార సంసారి (నవంబర్ 23, రాత్రి 10:20)

మళ్ళీ ముగ్గురికీ ఫోన్ చేశాను. జవాబులు మీరే చూడండి.

మూడున్నర వేలవాళ్ళు: "సర్టిఫికెట్ నంబరు ఎందుకు సార్, మన కుర్రాళ్ళు చిన్నప్పటి నుంచి ఈ సముద్రంలోనే కదా." ఎంతమందికి ఒకరు అంటే, "ఫ్యామిలీ అంతా కలిసే ఉంటారు సార్, ఫొటో బాగొస్తుంది." ఆక్సిజన్ గురించి అడిగితే, పాత నావికుడుగారు రాసిన వాక్యమే పొల్లు పోకుండా చెప్పారు. నేను నవ్వు ఆపుకోలేక ఫోన్ పెట్టేశా.

ఆరు వేలవాళ్ళు నంబర్లు ఇచ్చారు, అన్నీ చెప్పారు. కానీ సంక్రాంతి రద్దీ కాబట్టి ఇద్దరికి ఒకరే అన్నారు. మా ఆవిడకి ఈత రాదన్నా మారలేదు.

ఆశ్చర్యం నాలుగున్నర వేలవాళ్ళ దగ్గర. పలాసగారు చెప్పినట్టే నేను ముందు మాట్లాడింది ఏజెంట్‌తో. దుకాణం పేరు అడిగి నేరుగా ఫోన్ చేస్తే ఒకావిడ ఎత్తారు. ఆవిడే ఇన్‌స్ట్రక్టర్. నేను రెండు ప్రశ్నలు అడిగేలోపు ఆవిడ ఏడెనిమిది అడిగారు. ఎవరికి ఈత వచ్చు, ఎవరు మందులు వాడుతున్నారు, అద్దాలు ఎవరికి, ఫ్లైట్ ఎప్పుడు, పాప తనంతట తాను దిగుతానందా లేక మేం అనుకుంటున్నామా! స్టెంట్ మాట చెప్పగానే, అదే ఫారం, అదే జవాబు, డాక్టరు సంతకం. ఏజెంట్ లేడు కాబట్టి రేటు కూడా కాస్త తగ్గింది. మనిషికి ఒక ఇన్‌స్ట్రక్టర్. బుక్ చేశాను.

మావయ్యగారిని వచ్చే వారం కార్డియాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్తున్నా. ఇంట్లో మాటల్లేవు ప్రస్తుతానికి.

పాత నావికుడు (నవంబర్ 24, ఉదయం 5:25)

మంచి ఎంపిక. మీసం ఉందా?

సీతమ్మధార సంసారి (నవంబర్ 24, ఉదయం 8:00)

ఉంది. ఎందుకండీ?

పాత నావికుడు (నవంబర్ 24, ఉదయం 8:20)

గుబురుగా ఉంటే మాస్క్ అంచు అతుక్కోదు, నీళ్ళు కారుతూనే ఉంటాయి. ముక్కు కింద కాస్త కత్తిరించుకోండి. మాస్క్ ఇచ్చినప్పుడు పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో పీల్చండి. చెయ్యి వదిలినా నిలబడితే అది మీ కొలత. రెగ్యులేటర్ (ట్యాంకు గాలిని నోటికి అందించేది) నోట్లో పెట్టుకుని రెండు మూడు ఊపిర్లు తీసి చూడండి. గాలికి వాసన, రుచి ఉండకూడదు. నూనె వాసనో పొగ వాసనో వస్తే వేరే ట్యాంకు అడగండి. గేజ్‌లో (ట్యాంకులో గాలి ఒత్తిడి చూపే మీటర్) 200 బార్ దగ్గర ఉండాలి, 50కి వచ్చేసరికి మీరు పైన ఉండాలి. కింద ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టొద్దు, ముఖ్యంగా పైకి వచ్చేటప్పుడు. ఫొటో కోసం కూడా.

మీ ప్రయాణ బీమా కాగితం తీసి చదవండి. చాలా పాలసీల్లో స్కూబాకి వర్తించదని చిన్న అక్షరాల్లో ఉంటుంది.

గాజువాక గాలిపటం (నవంబర్ 24, ఉదయం 9:15)

మీసం తీసేస్తే సంక్రాంతికి అల్లుడు ఎలా కనబడతాడు బాబాయ్.

సీతమ్మధార సంసారి (జనవరి 19, రాత్రి 9:10)

వచ్చేశాం. అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా, కాస్త పెద్దదే.

మావయ్యగారి సంగతి ముందు. ట్రెడ్‌మిల్ మీద ఆయన ఆయాసం చూసి డాక్టరు వద్దన్నారు. నడక పెంచి ఆరు నెలల తర్వాత రమ్మన్నారు. ఒక వారం మాట్లాడలేదు. తర్వాత, "సరే, ఒడ్డున కూచుని మీ చెప్పులు కాస్తా" అన్నారు.

14 పొద్దున్న ఆరింటికి వెళ్ళాం. పాఠం ముప్పావు గంట పట్టింది. చేతి సైగలన్నీ మాతో మళ్ళీ మళ్ళీ చేయించారు. చెవి బాగోలేదంటే అరచెయ్యి ఊపి చెవి చూపించడం, పైకి వెళ్దామంటే బొటనవేలు. మన అలవాటు ప్రకారం బాగుందని బొటనవేలు ఎత్తితే నిజంగానే పైకి తీసుకొచ్చేస్తారు. నేను అలా ఒకసారి పైకొచ్చాను కూడా, బోలెడు చేపల మధ్య నుంచి.

పాఠం అయ్యాక ఒడ్డు మీదే ముక్కు మూసుకుని చెవులు సర్దమన్నారు. మా ఆవిడకి వచ్చింది, నాకు వచ్చింది. అమ్మాయి వచ్చిందంది. ఆవిడ దాని ముఖం వైపు చూసి, "ఇంకోసారి చెయ్యి" అన్నారు. చేసింది. "జలుబు ఉందా?" లేదంది. "రాత్రి ముక్కు చీదావా?" అది నా వైపు చూసింది. ఫెర్రీలో ఏసీ గాలికి ముందురోజు నుంచే ముక్కు కారుతోందట, చెబితే వద్దంటామని మా దగ్గర దాచింది. ఆవిడ కోప్పడలేదు. "ఇవాళ కాదు, రేపు చూద్దాం, రేపూ ఇలాగే ఉంటే డబ్బులు వెనక్కి" అని దాని సూట్ విప్పించారు. ఏడ్చింది. నాకే జాలేసి, "కొంచెం లోతుకైనా..." అన్నాను. ఆవిడ నన్ను చూసిన చూపుకి అక్కడితో ఊరుకున్నా.

మా ఆవిడ నడుము లోతులో ఇరవై నిమిషాలు నిలబడింది. మునుగుతుంది, లేస్తుంది. ఇన్‌స్ట్రక్టర్ ఎదురుగా మోకాళ్ళ మీద కూచుని చెయ్యి పట్టుకుని ఉన్నారు, ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు, లాగలేదు. అయిదోసారో ఆరోసారో మునిగిన మనిషి ఇక లేవలేదు. నేను కంగారుపడ్డాను. చూస్తే అడుగున కూచుని ఇసుకలో ఏదో పాకుతుంటే దాన్నే చూస్తోంది! ఏడు మీటర్ల దాకా వెళ్ళామని తర్వాత వాళ్ళ కంప్యూటర్‌లో చూపించారు, ముప్పై ఎనిమిది నిమిషాలు. నీళ్ళంటే భయమన్న మనిషి పైకి రానంది. నారింజ రంగు చేప ఒకటి తన గూటి ముందుకొచ్చి మా ఆవిడని తరిమిందట, ఇంటికొచ్చాక అందరికీ అదే చెబుతోంది.

15న అమ్మాయి ముక్కు తేటపడింది. మళ్ళీ అదే పరీక్ష, ఒడ్డున మూడుసార్లు. దింపారు. అది ఇప్పుడు ఓపెన్ వాటర్ కోర్సు (డైవింగ్ సర్టిఫికెట్ ఇచ్చే మొదటి కోర్సు) చేస్తానంటోంది. పరీక్షలయ్యాక చూద్దామన్నాను. ఆ 15 పొద్దున్నే నీళ్ళలో ఉంది కాబట్టి 16న మూడింటి ఫ్లైట్ కూడా ఇరవై నాలుగు గంటలు దాటాకే పడింది, లెక్క వేసుకునే దిగాం.

ఈఎన్‌టీ వదిన (జనవరి 19, రాత్రి 9:35)

ఆ ఇన్‌స్ట్రక్టర్‌కి నా తరఫున దండం పెట్టండి.

లాసన్స్‌బే అమ్మాయి (జనవరి 19, రాత్రి 9:41)

ఆ దుకాణం పేరు నాకు మెసేజ్ చేస్తారా? ఇన్‌స్ట్రక్టర్ పేరు కూడా. దుకాణం అదే ఉండి ఆవిడ మానేస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

సీతమ్మధార సంసారి (జనవరి 19, రాత్రి 9:50)

పంపించాను. ఏప్రిల్ దాకా అక్కడే ఉంటానన్నారు.

ముంతమసాలా (జనవరి 19, రాత్రి 9:55)

మావయ్యగారు చెప్పులు కాశారా మరి?

సీతమ్మధార సంసారి (జనవరి 19, రాత్రి 10:08)

చెప్పులు ఎక్కడున్నాయో ఆయనకే తెలియదు. మేం నీళ్ళలో ఉన్నంతసేపూ వరసగా పెట్టిన ట్యాంకుల దగ్గర గొంతుక్కూచుని, వాటి భుజం మీద కొట్టిన ముద్రలు ఒక్కొక్కటే చదివారట. షిప్‌యార్డ్ బుద్ధి కదా. ప్రెషర్ టెస్ట్ తేదీలు అన్నిటికీ సరిగ్గా ఉన్నాయి, ఒక్కదానిది అరిగిపోయి కనబడలేదు. అది పక్కన పెట్టమని ఇన్‌స్ట్రక్టర్‌తో గొడవ. ఆవిడ వచ్చి టార్చ్ వేసి చూసి, నిజంగానే పక్కన పెట్టించారు. సాయంత్రం ఇద్దరూ టీ తాగుతూ ట్యాంకుల్లో గాలి నింపే కంప్రెసర్ ఫిల్టర్ గురించి గంటసేపు మాట్లాడుకున్నారు. మాతో కంటే ఎక్కువ మాట్లాడారు.

గాజువాక గాలిపటం (జనవరి 20, ఉదయం 10:30)

ఒప్పుకుంటున్నా. ఏప్రిల్‌లో మా బ్యాచ్ మళ్ళీ వెళ్తోంది, ఈసారి ఏజెంట్ లేకుండా. నాకూ ఆ పేరు పంపండి.

పాత నావికుడు (జనవరి 20, ఉదయం 10:34)

ఫ్లైట్ ఎప్పుడు?

గాజువాక గాలిపటం (జనవరి 20, ఉదయం 10:52)

డైవ్ రోజు సాయంత్రమే ఉండింది బాబాయ్. ఇప్పుడే మార్చా, మార్పు చార్జీ పద్దెనిమిది వందలు.